ముఖం చూసి రాసేయకండి, మనిషిని అడగండి

కేస్ షీటులో ‘పేషెంటు కోపంగా ఉన్నారు’ అని రాస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ‘దిగులుగా ఉన్నారు’, ‘ధీమాగా ఉన్నారు’, ‘మొండికేస్తున్నారు’ అన్నా అంతే. గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యేదాకా, నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి అమ్మాయికీ మొదటి వారంలోనే ఈ మాట చెప్పాను. కంటికి కనబడింది రాయండి. పేషెంటు నోటితో చెప్పింది ఆయన మాటల్లోనే రాయండి. ఆయన మనసులో ఏముందో మీరు ఊహించి రాయకండి.

ఈ పద్ధతి వార్డు గుమ్మం దాటి ఇళ్లలోకీ ఆఫీసుల్లోకీ రావాలని నా కోరిక. అందుకే ఎలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కనబడింది వేరు, అనుకున్నది వేరు

డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకొక నర్సుకు వార్డు అప్పగిస్తుంది. ‘నాలుగో బెడ్ ఆయన రుసరుసలాడుతున్నారు, జాగ్రత్త’ అని చెప్పి వెళ్లిందనుకోండి. తర్వాత వచ్చిన అమ్మాయి అవసరం పడితే తప్ప ఆ బెడ్ దగ్గరకు వెళ్లదు. అదే ‘నాలుగో బెడ్ ఆయన రాత్రి భోజనం ముట్టలేదు, రెండుసార్లు పిలిస్తే గోడవైపు తిరిగి పడుకున్నారు’ అని చెబితే, నేరుగా వెళ్లి ఎందుకు తినలేదని అడుగుతుంది. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. నోరంతా పూసి మెతుకు మింగలేకపోతున్నారని తెలుస్తుంది. లేదా ఇంటి దగ్గర గేదె ఈనబోతోంది, చూసే దిక్కు లేదని ఆయన మథనపడుతున్నారని తెలుస్తుంది.

ఇంట్లో కూడా ఇదే చేయండి. ‘మా అత్తగారు పొద్దున్నుంచి ముఖం గంటు పెట్టుకున్నారు’ అని భర్తతో చెబితే, ఆయన వెంటనే ‘నువ్వేమన్నావు?’ అంటాడు. అక్కడితో గొడవ మొదలు. ‘అత్తయ్య పొద్దున్నుంచి రెండు మాటలే మాట్లాడారు, కాఫీ సగం వదిలేశారు, టీవీ పెట్టలేదు’ అని చెబితే ‘ఒంట్లో బాగా లేదేమో, అడిగావా?’ అంటాడు. చూసింది రెండుసార్లూ ఒకటే. చెప్పిన తీరు మారితే ఇంట్లోవాళ్లు చేసే పని మారిపోతుంది. కాబట్టి ఎవరి గురించైనా చెప్పబోయే ముందు మీ వాక్యంలో కోపం, పొగరు, నిర్లక్ష్యం, సంతోషం లాంటి మాట దూరిందేమో చూసుకోండి. దూరితే దాన్ని తీసేసి, కళ్లతో చూసిందీ చెవులతో విన్నదీ మిగల్చండి. మొదట్లో కష్టంగా ఉంటుంది, అలవాటైతే నోటికి అదే వస్తుంది.

దీనికి శాస్త్రం బలం కూడా ఉంది. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు కలిసి అంతకు ముందు జరిగిన వెయ్యికి పైగా పరిశోధనలను పరిశీలించారు. కోపం వచ్చినప్పుడు మనుషులు నొసలు చిట్లించేది సగటున నూటికి 30 సార్లేనని అందులో తేలింది. మిగిలినప్పుడు కోపం వస్తుంది, ముఖం మాత్రం ఇంకోలా ఉంటుంది. నొసలు చిట్లించిన ప్రతివాళ్లకూ కోపం వచ్చిందనుకోవడానికీ లేదు. తలనొప్పి కావచ్చు, ఎండ కావచ్చు, కళ్లజోడు మరిచిపోయి ఉండవచ్చు, ఏదో లెక్క గట్టిగా ఆలోచిస్తూ ఉండవచ్చు.

ముఖం కదలకపోవడానికి ఒళ్లే కారణం కావచ్చు

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది పార్కిన్సన్స్ జబ్బు వచ్చిన ఇళ్లను చూసినప్పుడు. వణుకు సంగతి అందరికీ తెలుసు. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు దాని పేరులోనే వణుకును పెట్టాడు. కానీ ఇంట్లోవాళ్ల మధ్య దూరం పెంచేది వణుకు కాదు, ముఖం. మెదడులో కదలికలకు కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతున్నకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి, కదలికలు నెమ్మదిస్తాయి. నవ్వడం కూడా కండరాలు చేసే పనే కదా. కనురెప్పలు వాల్చడం తగ్గుతుంది, గొంతు సన్నబడుతుంది, చేతిరాత చిన్నదైపోతుంది, ముఖం కదలడం మానేస్తుంది. లోపలి సంతోషం, అభిమానం ఉన్నచోటే ఉండవచ్చు.

రిటైరైన ఒక మాస్టారి భార్య నా దగ్గర కూర్చుని ఏడ్చింది. దుబాయి నుంచి మనవడు వచ్చి కాళ్లకు దండం పెట్టినా ఆయన ముఖంలో చలనం లేదట, మనసు రాయి చేసుకున్నారట. నేను స్టూలు లాక్కుని మాస్టారికి ఎదురుగా కూర్చున్నాను. ‘మాస్టారూ, మనవడు వచ్చినందుకు ఎలా ఉంది మీకు?’ అని అడిగి, ఆవిడను మాట్లాడవద్దని చేత్తో సైగ చేశాను. ఆయన జవాబు కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ‘పండగలా ఉంది’ అన్నారు, పక్కనున్న ఆవిడకే సరిగ్గా వినబడనంత సన్నగా.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఎదురుగా, వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చోండి. టీవీ కట్టేయండి. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి. జవాబు వచ్చేదాకా మీరు అందించకండి, ఇంకొకరిని అందించనివ్వకండి. మాత్ర బాగా పనిచేసే వేళ ఏదో గమనించి ముఖ్యమైన మాటలు అప్పుడు పెట్టుకోండి, ఆ వేళకు ముఖమూ గొంతూ కాస్త సడలుతాయి. పిల్లలకు ముందే చెప్పండి: ‘తాతగారి ముఖం నవ్వదు, నవ్వు వచ్చిందా అని అడుగు, ఆయనే చెబుతారు.’ పిల్లలు దీన్ని మనకన్నా త్వరగా పట్టుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ జబ్బుతోపాటు నిజమైన డిప్రెషన్ కూడా చాలామందికి వస్తుంది. ‘ముఖమే కదా అలా ఉంది, లోపల బాగానే ఉన్నారు’ అని మీకు మీరే తేల్చుకున్నా అది ఊహే అవుతుంది. అడగాల్సిందే.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరిది దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి. ఎవరైనా చూడటానికి వస్తే చాలు, వెక్కివెక్కి ఏడుస్తారు. ఒక్కోసారి చావు కబురు విని నవ్వుతారు. ఏడుపునూ నవ్వునూ అదుపులో ఉంచే మెదడు దారులు దెబ్బతినడం వల్ల అవి దుఃఖంతోనూ సంతోషంతోనూ నిమిత్తం లేకుండా తన్నుకొస్తాయి. చుట్టాలు చుట్టూ చేరి ‘ఊరుకో బాబాయ్, ఊరుకో’ అని ఓదార్చేకొద్దీ ఆయనకు సిగ్గు ముంచుకొస్తుంది. అలాంటప్పుడు మాట మార్చి, మామూలుగా కబుర్లు కొనసాగించండి. అది సర్దుకున్నాక నెమ్మదిగా అడగండి: ‘నిజంగా బాధ వచ్చిందా, దానంతట అదే వచ్చిందా?’ తల ఊపడం ద్వారా అయినా చెబుతారు. ఆ జవాబు డాక్టరుకు చెప్పండి, దీనికి మందులున్నాయి. పక్షవాతం తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. కాబట్టి ‘బాధే’ అన్నా అది కూడా వైద్యం చేయాల్సిందే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. బెల్స్ పాల్సీ వచ్చినవాళ్లకు ముఖం ఒకవైపు జారిపోయి, నవ్వితే వెక్కిరించినట్టు కనబడుతుంది. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. అయితే ఏ మూతి వంకరైనా హఠాత్తుగా వస్తే అది పక్షవాతం కాదని డాక్టరు చెప్పేదాకా ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చెవుడు మొదలైన పెద్దమనిషికి ‘పలకరిస్తే పలకడు’ అనే పేరు వస్తుంది. థైరాయిడ్ హార్మోను తగ్గినవాళ్ల ముఖం ఉబ్బి మందకొడిగా, నిర్లక్ష్యంగా కనబడుతుంది. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు కూడా ముఖాన్ని బిగించేస్తాయి. అలా అనిపిస్తే డాక్టరుతో మాట్లాడండి, సొంతంగా మాత్రలు ఆపకండి. ఆటిజం ఉన్న పిల్లవాడు మీ కళ్లలోకి చూడకుండానే మీరు చెప్పిందంతా వింటూ ఉండవచ్చు. ‘నా కళ్లలోకి చూడు’ అని గడ్డం పట్టుకుని తిప్పకండి, దయచేసి.

రూపాయికి ఎంత తగ్గింది?

నొప్పి విషయంలో నర్సులకు నేర్పే పద్ధతి మనసు విషయంలోనూ అచ్చంగా పనికొస్తుంది. 1968లో మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు ఒక మాట చెప్పింది: నొప్పి ఎంతో, ఎప్పుడు ఉందో చెప్పాల్సింది అనుభవించే మనిషే, ఆ మనిషి చెప్పిందే నొప్పి. ప్రపంచమంతా నర్సింగు పాఠాల్లో ఇది చేరింది. దాన్నిబట్టే పేషెంటును సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో చెప్పమని అడుగుతాం.

మన పెద్దవాళ్లకు సున్నా నుంచి పది లెక్క ఎక్కదు. రూపాయి లెక్క బాగా ఎక్కుతుంది. ‘వచ్చినప్పటి నొప్పి రూపాయి అనుకుంటే ఇప్పుడెంత ఉంది తాతగారూ?’ అంటే ‘పావలా తగ్గిందమ్మా’, ‘ఇంకా అర్ధరూపాయి ఉంది’ అని తడుముకోకుండా చెబుతారు. గిలక (హెర్నియా) ఆపరేషన్ చేయించుకున్న ఒక కూలీ మనిషి చూడవచ్చిన బావమరుదులతో పకపకా నవ్వుతూ ఉంటే, కొత్తగా వచ్చిన నర్సు ‘ఈయనకు నొప్పి ఇంజెక్షన్ అక్కర్లేదు సిస్టర్’ అంది. వాళ్లను బయటకు పంపి అడిగితే ‘ముప్పావలా ఉంది సిస్టర్, ఓర్చుకుంటున్నా’ అన్నాడు. బావమరుదుల ముందు మూలగడానికి ఆయనకు మనసొప్పలేదు. మనసు బాధను కూడా ఇలాగే అడగవచ్చు. ‘దిగులుగా ఉందా?’ అంటే ‘అబ్బే’ అనేవాళ్లు, ‘పోయిన వారం దిగులు రూపాయి అనుకుంటే ఈ వారం ఎంత?’ అంటే ఆలోచించి చెబుతారు.

చిన్నపిల్లల కోసం డొనా వాంగ్, కోనీ బేకర్ తయారుచేసిన ఒక పటం ఉంది. నవ్వుతున్న ముఖం దగ్గర మొదలై ఏడుస్తున్న ముఖం దాకా వరసగా ఆరు బొమ్మలుంటాయి. కొత్త నర్సులు దాన్ని పిల్లవాడి ముఖం పక్కన పెట్టి, ఏ బొమ్మతో పోలుతుందో వెతికి అంకె రాసేస్తుంటారు. పటం ఉద్దేశమే అక్కడ తప్పిపోతుంది. బొమ్మను ఎంచుకోవాల్సింది పిల్లవాడు. వాడు నవ్వుతూ వచ్చి ఏడుపు బొమ్మ మీద వేలు పెట్టినా మనం రాయాల్సింది వాడి వేలు చూపిందే. మాటలు రాని పసివాళ్లకూ స్పృహలో లేనివాళ్లకూ మాత్రం మనమే చూసి అంచనా కట్టాలి. అప్పుడు కూడా ముఖం ఒక్కటే చూడం. కాళ్లు ముడుచుకున్నాయా, ఒళ్లు మెలికలు తిరుగుతోందా, ఏడుపు ఎలా ఉంది, ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా అని అన్నీ కలిపి చూస్తాం, కాసేపాగి మళ్లీ చూస్తాం.

నవ్వుతున్న బాలింత, ఏడవని కోడలు

బారసాల రోజు ఇల్లంతా చుట్టాలు, బాలింతకు పట్టుచీర, తలనిండా పూలు. అందరి ఫోటోల్లోనూ నవ్వుతూ ఉంటుంది. ఆ పిల్ల నవ్వకపోతే ‘బిడ్డ పుట్టినా సంతోషం లేదా?’ అనే మాట పడాలి కాబట్టి నవ్వుతుంది. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో దీనికోసం పది ప్రశ్నలున్నాయి, గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నాయో తల్లినే గుర్తు పెట్టమంటారు. మీ చేతిలో ఆ కాగితం లేకపోయినా ఫరవాలేదు. తల్లీ అత్తగారూ లేనప్పుడు, బిడ్డను మీరు ఎత్తుకుని, ఆ అమ్మాయిని అడగండి: ‘బిడ్డ నిద్రపోయినప్పుడు నీకు నిద్ర పడుతోందా? నీ మీద నీకే కోపం వస్తోందా?’ బిడ్డ గురించి అడిగేవాళ్లు ఇంటినిండా ఉంటారు, తన గురించి అడిగిన మనిషికి ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు’ అనే సామెతను ఇక వదిలేయాలి. ఈ సామెత విని పెరిగిన మగవాళ్లు భార్య చనిపోయిన రోజు కూడా వరండాలో కుర్చీలు సర్దుతూ, టెంటువాడికి డబ్బులిస్తూ తిరుగుతారు. కోడలి సంగతీ అంతే. వచ్చినవాళ్లకు కాఫీలు అందించి, వంటవాళ్లకు సామాన్లు తీసి ఇచ్చి, పిల్లలకు అన్నం పెట్టేసరికి పొద్దు గూకుతుంది. ‘మామగారు పోతే ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు’ అని వీధంతా చెప్పుకుంటుంది. మీరు ఆ మాటలో కలవకండి. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం వీలు చూసుకుని మళ్లీ వెళ్లండి. పోయినాయన గురించి మీకు గుర్తున్న సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాత ఆవిడను మాట్లాడనివ్వండి.

అడగడం ఎలా

‘ఎందుకలా ఉన్నావు?’ అన్నది ప్రశ్నలా కనబడుతుంది కానీ వినేవాళ్లకు నింద లాగా తగులుతుంది. దానికి వచ్చే జవాబు ‘ఎలా ఉన్నాను?’ అనే. మీరు చూసింది చెప్పి, ఆపై అడగండి. ‘రెండు రోజులుగా భోజనానికి మాతోపాటు కూర్చోవడం లేదు. ఏమైనా ఇబ్బందిగా ఉందా?’ నలుగురిలో అడగకండి. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మగపిల్లలు బండి మీద వెనక కూర్చున్నప్పుడో, పక్కపక్కన కూరగాయలు తరుగుతున్నప్పుడో మాట్లాడతారు. మొదట వచ్చే ‘బాగానే ఉన్నాను’ మర్యాద కోసం వచ్చే మాట. కాసేపు వేరే సంగతులు మాట్లాడి, రెండోసారి అడగండి. రెండోసారి కూడా అదే అంటే నమ్మండి. ‘నాకు తెలుసులే, నీ ముఖంలోనే కనబడుతోంది’ అని మాత్రం ఎన్నడూ అనకండి. తన మనసు తనకన్నా మీకే బాగా తెలుసన్న మనిషి దగ్గర ఎవరూ ఇంకోసారి నోరు విప్పరు. ‘ఇప్పుడు చెప్పాలని లేకపోతే సరే, ఆదివారం వస్తాను’ అనండి. అన్నమాట ప్రకారం ఆదివారం వెళ్లండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటారు. ఆదివారం కాల్ వస్తుందని అమ్మ ముందే ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, వెలుతురు పడేచోట కుర్చీ వేసుకుంటుంది. మీరు చూసేది ఆ తయారీని. వీడియో లేకుండా మామూలు ఫోను, అనుకోని వేళ చేయండి. నిన్న ఏం వండుకున్నారు, గుడికి ఎవరితో వెళ్లారు, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు అని అడగండి. ‘వండలేదు, పాలు తాగి పడుకున్నా’ అన్న జవాబు రెండు మూడు వారాలు వరసగా వస్తే, ముఖం ఎంత నవ్వుతున్నా ఎవరినైనా ఇంటికి పంపించండి.

వెంటనే కదలాల్సిన సందర్భం

చాలాకాలంగా కుంగిపోయి ఉన్న మనిషి ఒక్కసారిగా తేటపడి, అందరితో ప్రశాంతంగా మాట్లాడి, వస్తువులు పంచిపెడుతూ, అప్పులు, కాగితాలు సర్దుతూ ఉంటే ‘హమ్మయ్య, కోలుకున్నాడు’ అని నిశ్చింతగా ఉండకండి. ప్రాణం తీసుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లలో కూడా ఆ ప్రశాంతత కనబడుతుంది. ‘చనిపోవాలనే ఆలోచన వస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడకండి, అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లను నేను చూశాను. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ పూటే బయటకు పంపేయండి, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే ముందు 108కి చేయండి.

మీ ముఖం సంగతి మీరే చెప్పండి

ఎదుటివాళ్ల ముఖం చదవడం మానేసినా, మీ ముఖాన్ని వాళ్లు చదువుతూనే ఉంటారు. అందుకే ఆ పని వాళ్లకు మిగల్చకండి. నాకు మైగ్రేన్ వచ్చిన రోజుల్లో కనుబొమలు ముడిపడి ఉంటాయి, మాట ముక్తసరిగా వస్తుంది. ఆ పూట డ్యూటీలోకి వెళ్లగానే అమ్మాయిలందరినీ పిలిచి ‘నాకు తలనొప్పి, మీ ఎవరి మీదా కోపం లేదు, ఏ సందేహం ఉన్నా వచ్చి అడగండి’ అని చెప్పేదాన్ని. పది సెకన్లు కూడా పట్టదు. సెలైన్ పెట్టేటప్పుడు నరం దొరకని కొత్త పిల్ల భయపడకుండా వచ్చి పిలిచేది. ఇంటి పెద్దలూ, ఆఫీసులో పైఅధికారులూ, బడిలో టీచర్లూ ఇది తప్పకుండా చేయాలి, ఎందుకంటే మీ ముఖం చూసి భయపడేవాళ్లు మిమ్మల్ని వచ్చి అడగలేరు.